బొట్టు పెట్టిన సీసలు

మిర్యాలగూడ నుంచి త్రిపురారం దిక్కు పోతుంటే, కాలువ దాటినంక ఎడమ చేతికి ఒక హైస్కూలు వస్తది. ఊరి పేరు నేను జెప్ప. జెప్పిన్నంటే ఇప్పటికీ ఆ ఊరోళ్లు కట్టెలు పట్టుకొని లొల్లికొస్తరు. ఆ బడిల ఆఖరు గది సైన్సు ల్యాబు. ఆ గదికున్న చెడ్డపేరు వల్లకాడుకు గుడ్క లేకుండె.

పొద్దూకిందంటే ఆ వరండ దిక్కు మనిషనేటోడు పోడు. కుక్కలు సుత అండ్ల పండవని గొప్పగ జెప్పుకుంటుండిరి. అటెండరు కట్టెతోని ఈపులు పలగ్గొడ్తడు కాబట్టి పండవు. ఆ సంగతి మాత్రం ఒక్కడు జెప్పడు.

"ఏముంటది ఆ గదిల?" అని అడిగితే చాలు, గొంతు తగ్గిస్తరు, దగ్గరికి జరుగుతరు...

కరెంటు పోవాలె. చీకటి చిక్కబడాలె. అప్పుడు కిటికీ అద్దంల ఒక పచ్చటి ఎలుగు లేస్తది — దీపం కాదు, టార్చి కాదు. ఊపిరి తీసినట్టు పెరుగుతది... తగ్గుతది... మళ్ల పెరుగుతది. దాని ఎంబడి తెల్లటి పొగ. ఆ పొగ ఎంబడి ఎల్లిగడ్డ వాసన.

దెయ్యానికి ఎల్లిగడ్డతోని ఏం పని అని ఆ ఊర్ల ఒక్క పురుగు గుడ్క ఆలోచన జెయ్యలే.

ఈ ముచ్చట నాకు జెప్పింది ఆ బడి సైన్సు టీచరు లీలావతి మేడం. తర్వాత సూర్యాపేటకు బదిలీ అయ్యి మా పక్కింట్ల కిరాయికి దిగింది. కరెంటు పోయిన రాత్రులు అరుగు మీద కూసోని జెప్తుంటే ఇంటుంటి. ఆమె జెప్పింది జెప్పినట్టు నేను జెప్తున్న, ఇనుండ్రి.

ఎనభై ఎనిమిదిల ఆ బడికి వచ్చిందామె. కోదాడ మనిషి. మాటల 'అండి' ఎక్కువ, కడుపుల ఓపిక తక్కువ. మిర్యాలగూడల రూము తీసుకొని పొద్దున బస్సుకొచ్చి సాయంత్రం బస్సుకు పోయేది. తెలివితక్కువోళ్లను జూస్తే ఆమెకు ఒళ్లు మండుతది. ఆ బడిల ఇగ ఆమెకు మండని రోజు లేకుండె.

వచ్చిన మొదటి రోజే పదో తరగతి బోర్డు నిండ రాసింది. పేరు లేని సీస ముట్టొద్దు. మూత తీసి ముక్కు కాడ పెట్టొద్దు. యాసిడ్‌ను నీళ్లల్ల పొయ్యాలె గాని నీళ్లు తీస్కపోయి యాసిడ్‌ల పొయ్యొద్దు. ల్యాబుల ఉన్నంతసేపు ఏదీ నోట్ల పెట్టొద్దు, బయటికి రాంగనే సబ్బుతోని చేతులు కడుక్కోవాలె.

ఎనక బెంచి పోరి ఒకతి లేచి, "మేడం, ల్యాబు తీస్తే గదా ముట్టేది?" అన్నది. క్లాసంత పక్కున నవ్వింది.

నిజమే. నాలుగేండ్ల సంది దానికి తాళమే. లీలావతి మేడం ఆ తాళం తీపిచ్చింది, బూజు కొట్టిచ్చింది. ప్రతి సామాను మీద తెల్లరంగుతోని బడి పేరు, నంబరు తన చేతితోనే రాసింది. ప్రతి సీస మీద కాయితం అతికిచ్చి మందు పేరు రాసింది. అండ్ల ఒక సీస ఉండె — తెల్ల భాస్వరం. ఏలెడంత కడ్డీలు ఆరు, మైనం తీరుగ ఉంటయి. గాలి తాకితే పొగ లేస్తది, జర వేడి తాకితే భగ్గుమంటది. అందుకే ఎప్పటికీ నీళ్లల్ల మునిగి ఉండాలె. ప్రతి శనివారం నీళ్లు ఎంతవరకున్నయో తనే పోయి సూసుకునేది, తగ్గితే పోసేది.

హెడ్మాస్టరు వామనరావు సారుకు ఇదంత నవ్వులాట. ఎమ్మే సదివిండు మహానుభావుడు. సైన్సు దినం నాడు మైకు ముంగట నిలబడి మూఢనమ్మకాల మీద ముప్పావు గంట దంచిండు. దంచుడుకు ముందు మైకుకు నిమ్మకాయతోని దిష్టి తీపిచ్చిండు. ఆ సదువుకు ఏం జెప్పాలె!

ఇగ ఎనభై తొమ్మిది దసరా వచ్చింది. సెలవులకు ముందు ఆయుధపూజ. డ్రైవరు బస్సుకు జేస్తడు, దర్జీ మిషనుకు జేస్తడు, మరి బడికి ఆయుధమేంది? ల్యాబే — అని సారుకు తట్టింది. ఆనాడు లీలావతి మేడం ముందుగాలనే కోదాడ బస్సెక్కింది. సారు అటెండరు మల్సూర్‌ను పిలిచి, "సీసలన్ని తళతళ మెరవాలె" అన్నడు.

మల్సూర్ మంచోడు. ఏది జెయ్యమంటే అది జేస్తడు. అదే వాని రోగం. సీసలన్ని తొట్టిల నానేసిండు, బూడిద పెట్టి తోమిండు. కాయితాలన్ని తొక్కలు తీసినట్టు ఊడొచ్చినయి. ఒక సీసల నీళ్లు పాసిపోయి వాసనొస్తున్నయని పారబోసిండు, మళ్ల ఒక చెంచెడు మంచినీళ్లు పోసిండు. పూజ గదా, మడిగ ఉండాలె. తర్వాత ప్రతి సీసకు పసుపు పూసి కుంకుమ బొట్టు పెట్టిండు. డెబ్బై సీసలు. డెబ్బైటికి ఒక్కటే తీరు బొట్టు. ఏది యాసిడో, ఏది ఉప్పో, ఇగ ఆ దేవునికే ఎరుక.

సెలవులైనంక వచ్చి ఆ గది జూసింది మేడం. సీద సారు గదికి పోయింది.

"సార్, ఇందులో ఏ సీసాలో ఏముందో ఇప్పుడెలా తెలుస్తుందండీ? పిల్లల కళ్లు పోతాయి!"

"ఏమైతది మేడం? సరస్వతి కొలువున్న సీసలాయె. మీరు బీయెస్సీ సదివిండ్రు గదా, సూస్తె ఎరుకపడదా?" అని సారు పండ్లు ఇకిలిచ్చిండు.

"అయితే మీ సరస్వతినే వచ్చి పాఠం చెప్పమనండి."

తాళంచెవి ఆయన టేబులు మీద ఇసిరికొట్టి బయటికొచ్చింది. మళ్ల ల్యాబు మొఖం జూడలే. మీ ల్యాబు, మీ ఏడుపు, నాకెందుకు — అనుకున్నది. శనివారాలు వస్తున్నయి, పోతున్నయి. భాస్వరం సీస నీళ్ల సంగతి ఆ కోపంల మర్చేపోయింది. వాళ్లను ఛీ కొట్టుడుల నేను చేసే ఒక్క పని మానేసిన — అని ఆమె మాకు జెప్పేటప్పుడు కండ్లు కిందికి ఏసుకునేది.

పదిహేను రోజులకు మల్సూర్ మొదలు జూసిండు పచ్చ ఎలుగు.

లాగు తడుపుకొని ఉరికిండు సారు ఇంటికి. సారు వచ్చిండు, జూసిండు, పంచె ఎత్తిపట్టుకొని మల్సూర్ కన్న ముందు ఉరికిండు. తెల్లారి ల్యాబు తలుపుకు నిమ్మకాయలు, ఎండు మిరపకాయలు కట్టిచ్చిండు. సైన్సు గదికి! పిల్లలు ఆ కిందికెళ్లే పోయి పక్కగదిల 'శాస్త్రీయ దృక్పథం' పాఠం సదువుకున్నరు.

ఆ పక్కగదిల గోడకు ఆనుకొని కూసునేది గోపమ్మ బిడ్డ బుజ్జి. పైన గాలికని ఇడిచిన సందుకెళ్లి ల్యాబు పొగ రోజింత ఇవతలికొచ్చేది. పిల్లకు తలనొప్పి, వాంతులు. వారం రోజులు అన్నం ముట్టలే. దవాఖానకు తీస్కపోవాలె గదా? ఆహా. ఏం తిన్నవే అని అడిగిండ్రు. మంగమ్మ కాడ బఠాణీలు తిన్న అన్నది పిల్ల.

మంగమ్మ లంబాడి తండాల నుంచి వచ్చిన ముసలమ్మ. మొగడు లేడు, పిల్లలు లేరు. బడి గోడకు ఎనక గుడిసె. బఠాణీలు ఉడకబెట్టి, ఎల్లిగడ్డ కారం కలిపి, గేటు కాడ పొట్లాలు కట్టి అమ్ముతది. ఊరంత పదేండ్ల సంది ఆ బఠాణీలు తినే పెద్దయింది.

ఎల్లిగడ్డ. ల్యాబుల అదే వాసన, మంగమ్మ గంపల అదే వాసన. పొద్దుగాల బాయి కాడ ఒకామె అన్నది, మాపటికి ఊరంత అన్నది — బాణామతి! మంగమ్మ చేతబడి జేసింది!

నవంబరు ఆఖర్ల అమాస. పగటీలి సారు ఒక మంత్రగాన్ని తెప్పిచ్చిండు. వాడు ల్యాబులకు పోయి, బొట్ల సీసలు జూసి, ఒక సీసల తెల్లటి కడ్డీలు జూసి కెవ్వుమన్నడట — "ఏలెముకలు! నరుని ఏలెముకలు!" ఊరికి ఇంకేం గావాలె? వాడు సారుకు ఏదో రక్ష కట్టిండు, చేసే పని జెప్పిండు, నాలుగింటి బస్సుకు జారుకున్నడు.

ఆ చేసే పనేందో బడి ఇడిచినంక బుజ్జి వచ్చి మేడం చెవుల జెప్పింది.

"మేడం... ఇయ్యాల చీకటి పడ్డంక... మంగమ్మ పండ్లు పీకుతరట."

"ఏమిటి?"

"పండ్లు లేకుంటె మంత్రం నోట్ల నిలవదంట మేడం. మా అమ్మ గుడ్క పోతదట. నాకు భయమైతుంది."

మేడం బస్సు వచ్చింది. కండక్టరు పిలిచిండు. బస్సు పోయింది. ఆమె ఎక్కలే.

పోలీస్ స్టేషన్ త్రిపురారంల. మధ్యల ఎనిమిది కిలోమీటర్ల చీకటి తొవ్వ. ఫోను పోస్టాఫీసుల ఒక్కటే, దానికి తాళం. ఆమె సీద సారు ఇంటికి పోయింది. సారు అరుగు మీద కూసోని అరటిపండు తింటున్నడు.

"మీరు ఆపండి సార్. మీరొక్క మాటంటే ఆగిపోతారు."

"ఊరు మాట మేడం. నేనెవర్ని ఆపనీకి?"

"ముసలావిడ చచ్చిపోతుందండీ!"

"పండ్లు పోతె మనిషి సావదు," అన్నడు సారు, తొక్క అవతల పారేసుకుంట. "మీరు ఆడమనిషి, బయటి మనిషి. రేపు పొద్దుగాల బస్సుకు పోండ్రి."

అటువంటోని కింద రెండేండ్లు కొలువు చేసిన గదా అని ఆమె తన మీద తనే తూ అని ఊంచుకున్నది.

ఇగ ఒక్కటే తొవ్వ. ఆ ఎలుగేందో తన కండ్లతోని జూడాలె. నెల రోజుల సంది అందరు జెప్తున్నా ఆమె జూడలే. సాయంత్రం బస్సుకు పోయేటామెకు చీకటి ఎట్ల దొరుకుతది? మూర్ఖుల మాటలని ఇన్నది, మొఖం తిప్పుకున్నది.

మల్సూర్ వరండ మెట్ల మీద కూసోని ఉన్నడు. భుజం మీద తువ్వాల ఒంటి సుట్టు కప్పుకున్నడు. చలి.

"మల్సూర్, ల్యాబు తాళం తియ్."

"మేడం... నీ కాల్మొక్త... వద్దు."

"తియ్యమన్నానా!"

తీసిండు. తలుపు మీది నిమ్మకాయ ఆమె నెత్తికి తాకింది. దాన్ని తెంపి వరండ అవతలికి ఇసిరింది. మల్సూర్ కండ్లు మూసుకున్నడు.

లోపల అడుగు పెట్టిండ్రు. అప్పుడే — ఠక్కున కరెంటు పోయింది.

చీకటి. కండ్లు పొడుచుకున్నా కానరాని చీకటి. మల్సూర్ ఊపిరి ఆమె ఎనకనే ఇనిపిస్తున్నది. కిందికెళ్లి ఏదో సర్రున ఉరికింది... ఎలుక. ఎలుకే అయి ఉండాలె.

ఆ చీకట్ల, బీరువ నడిమి అర మీద... లేచింది.

పచ్చగ. చల్లగ. ఏ దీపం లేకుండ, ఏ మంట లేకుండ... ఐదు వేళ్లు. నిట్టనిలువుగ నిలబడ్డ ఐదు వేళ్లు మెరుస్తున్నయి. వాటి కొసల నుంచి తెల్లటి పొగ మెల్లగ పాకుతున్నది. ఎల్లిగడ్డ వాసన గుప్పున ముక్కుకు కొట్టింది.

"మేడం... చెయ్యి... చెయ్యి!" అన్నడు మల్సూర్, ఏడుపు గొంతుతోని.

ఒక్క క్షణం ఆమెకు సుత అట్లనే అనిపించింది. బీయెస్సీ, బీఈడీ, అన్ని మర్చిపోయింది. తర్వాత ఆ వాసన మళ్లొకసారి తాకింది. అప్పుడు ఎరుకపడ్డది. ఎరుకైనంక ఇంకింత భయమైంది.

"భాస్వరం..." అన్నది గొణిగినట్టు. "ఒరే మల్సూర్, ఇది భాస్వరంరా! ఈ సీసాలో నీళ్లెవరు తీసేశారు?"

"నేనే మేడం. పాసిపోయినయి. పూజ గదా..."

ఆమె తలకాయ పట్టుకున్నది. తిట్టనీకి తిట్టు దొరకలే. బిరడా వదులైంది. దాని సందుకెళ్లి ఇంత గాలి, ఇంత గాలి లోపలికి పోతున్నది. పోయినప్పుడల్ల ఎలుగు పెరుగుతది, తగ్గుతది. చలికాలం కాబట్టి బతికిపోయిండ్రు. ఇదే ఎండకాలమైతె ఈ పాటికి గదీ ఉండకపోవు, గోడవతల పిల్లలూ ఉండకపోదురు.

అగ్గిపుల్ల గీయనియ్యలే. తడుముకుంట పోయి కూజ తెచ్చింది, సీస నిండ నీళ్లు పోసింది. ఒక్కొక్క ఏలు మునిగి ఆరిపోయింది. దెయ్యం ఖతం. ఒక కూజెడు నీళ్లకు ఖతమైన దెయ్యానికి ఊరు ఊరంత నెల రోజుల సంది ఒణుకుతున్నది.

అప్పుడు తట్టింది ఆమెకు. ఐదు. ఉండాల్సింది ఆరు.

"ఇంకోటి ఏది?"

"పగటీలి వచ్చిన మంత్రాల స్వామి తీసిండు మేడం. పసుపునీళ్లల్ల ముంచిన గుడ్డల సుట్టిండు..."

"చుట్టి?"

"సారు మొలతాడుకు కట్టిండు. రక్ష అని."

తడిగుడ్డ. మనిషి ఒంటి వేడి. గుడ్డ ఆరేదాకే. ఆమె గబగబ లెక్కేసుకుంటున్నది... అప్పుడే గోడవతల కేక ఇనపడ్డది. ముసలి గొంతు. "యాడీ..." అని, వాళ్ల లంబాడి మాటల అమ్మను పిలిచినట్టు, ఒక్క కేక. మళ్ల ఎవరో నోరు మూసినట్టు ఆగిపోయింది.

ఇద్దరు ఉరికిండ్రు.

గుడిసె ముంగట ముప్పై నలభై మంది. ఒక్క దీపం లేదు. ఎలుగు ఉంటె మంత్రం తిరగబడ్తదని మంత్రగాడు జెప్పి పోయిండు. చేసే పని ఎవ్వరికి కనపడకుండ జేసుకోనీకి మంచి ఉపాయమే జెప్పిండు. మంగమ్మను కింద కూసోబెట్టి ఇద్దరు చేతులు ఎనకకు ఇరిచి పట్టుకున్నరు. అండ్ల ఒకామె గోపమ్మ. మొన్నమొన్నటిదాక ఆ చేతులతోనే బిడ్డకు బఠాణీలు కొనిచ్చింది.

సారు ముంగట నిలబడి ఉపన్యాసం దంచుతున్నడు. ఆయనకు జనం దొరికితే సాలు. "మనం ఎవ్వరికి అన్యాలం జేస్తలేం. ఊరు బాగుకోసం..."

"వదలండి ఆమెని!" లీలావతి మేడం నడుమకు దూరింది. "దెయ్యం లేదు, బాణామతి లేదు! అది మందు! నీళ్లల్లో ఉండాల్సిన మందు, పూజకని నీళ్లు పారబోశారు. ఇప్పుడే పోసి వస్తున్నా, వెళ్లి చూడండి, వెలుగు లేదు!"

చీకట్ల ఎవడో కిసుక్కున నవ్విండు.

"మీకు తెల్వది టీచరమ్మ. మీరు జరగుండ్రి."

"గోపమ్మా, నీ కూతురికి వాంతులు ఆ పొగ వల్లే..."

"నా బిడ్డను నేను కాపాడుకుంట," అన్నది గోపమ్మ. పట్టు వదల్లే.

"సార్, మీ మొలతాడుకి కట్టింది తీసెయ్యండి! ముందు అది తీసెయ్యండి, కాలిపోతారు!"

"సూసిండ్రా?" అన్నడు సారు జనం దిక్కు తిరిగి. "నా రక్ష తీపియ్యాలని సూస్తున్నది. ఈమె గుడ్క దాని దిక్కే!"

జనం గుసగుసలు... మేడం రెక్క ఎవరో పట్టి ఎనకకు గుంజిండ్రు. మంగమ్మ తల పైకెత్తి గదవ గట్టిగ పట్టుకున్నరు. ముసలమ్మ ఏడుస్తలేదు. పండ్లు బిగబట్టి, ముక్కుతోని ఊపిరి తీస్తున్నది. ఆ ఊపిరి చప్పుడు ఒక్కటే అందరికి ఇనపడ్తున్నది.

"కానియ్యుండ్రి," అన్నడు సారు.

అప్పుడొచ్చింది... ఎల్లిగడ్డ వాసన.

గోపమ్మ ముందుగాల జూసింది. సారు పంచె లోపల, బొడ్డు కింద... పచ్చగ ఒక ఎలుగు. ఊపిరి తీసినట్టు పెరిగింది... తగ్గింది... మళ్ల పెరిగింది. పంచె పోగుల సందుల నుంచి తెల్లటి పొగ పాముకుంట పైకి లేచి సారు గడ్డం కాడికి వచ్చింది.

"ఏంది? ఏంది అట్ల సూస్తున్నరు?" అన్నడు సారు. కిందికి జూసుకున్నడు.

ఆ అరుపు ఆయన మైకుల గుడ్క ఎన్నడూ అరవలే.

"సార్ల దూరింది! సార్లనే ఉన్నదిరో!" అని ఎవడో మొత్తుకున్నడు. ఇగ జూడు — ఊరు బాగు కోసం వచ్చిన మొగోళ్లు ఒకన్నొకడు తొక్కుకుంట చెప్పులిడిసి ఉరికిండ్రు. గోపమ్మ ఉరికింది. చేతులు పట్టినోళ్లు, గదవ పట్టినోళ్లు, ఒక్కడు నిలబడలే. సారు ఒక్కడే నడిమిట్ల గిరగిర తిరుగుతున్నడు. భగ్గుమన్నది పంచె.

"పంచె విప్పండి! ఉత్త చేత్తో దాన్ని ముట్టుకోవద్దు! నీళ్లు... ఎవరన్నా నీళ్లు!"

నీళ్లు తెచ్చింది మంగమ్మ. రేపటికని బఠాణీలు నానబోసిన బాన, నడుము ఒంగిపోయిన ముసల్ది, రెండు చేతులతోని ఎత్తి సారు మీద కుమ్మరిచ్చింది. ఎవని మీద? జర సేపటి కింద తన పండ్లు పీకమన్నోని మీద. సారు బఠాణీల నడుమ బొర్లపడి, పంచె లేకుండ, "ముసల్ది నన్ను సంపుతుంది, పట్టుకోండ్రి!" అని అప్పటికీ మొత్తుకుంటనే ఉన్నడు. సిగ్గనేది పుట్టుకతోని రావాలె, సదివితె రాదు.

మొలతాడు కాలి తెగింది. ఆ కడ్డీ నేల మీద పడి, తడి ఆరిన జాగల మళ్ల పొగ కక్కుతున్నది. పక్కనే గుడిసె గడ్డి. అంటుకుంటె గుడిసె నిమిషంల బూడిద. మంగమ్మకు ఈ భూమ్మీద అదొక్కటే ఉన్నది.

మేడం ఎనకకు తిరిగి కేకేసింది. "మల్సూర్! పట్టకారు! ల్యాబులో ఉంది, పరిగెత్తు!"

మల్సూర్ ఉరకలేదు పాపం, అక్కడనే ఉన్నడు. జనమంత పోయినా వాడొక్కడే పోలే. అయినా కదుల్తలేడు.

"మల్సూర్! పట్టకారురా!"

వాడు మెల్లగ తువ్వాల తీసిండు. ఎడమ చంకల నుంచి ఇనుప పట్టకారు తీసి ఆమె చేతిల పెట్టిండు.

ఆమె ఏం ఆలోచించలే. కడ్డీని పట్టి ఎత్తి, బానల మిగిలిన నీళ్లల్ల ముంచింది. సుయ్యిమని సల్లారింది. ఎలుగు పోయింది. అంతట చీకటే. సారు మూలుగుడు ఒక్కటే ఇనపడ్తున్నది.

అప్పుడు కరెంటొచ్చింది. బడి గేటు కాడి లైటు ఎలిగింది. ఆ ఎలుగుల ఆమె తన చేతి దిక్కు జూసుకున్నది. పట్టకారు పిడి మీద తెల్లరంగుతోని బడి పేరు, నంబరు. తన రాతే.

"ఇది... నీ దగ్గరెందుకు ఉంది?"

మల్సూర్ తల వంచుకున్నడు. "సారు తెమ్మన్నడు మేడం. స్వామి పోంగనే తీసి పెట్టుకున్న."

"దేనికి?"

మంగమ్మ మొఖం దిక్కు జూడనీకి వానికి ధైర్యం సాలలే. పదేండ్ల సంది రోజు ఆ గంప కాడ నిలబడి ఒక పొట్లం తింటడు వాడు. ముసలమ్మ పట్టకారును జూసింది, వాన్ని జూసింది. కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నది.

సారును ఎద్దుల బండి మీద ఏసి మిర్యాలగూడ దవాఖానకు తీస్కపోయిండ్రు. నడుము కాలింది, నెలకు మానింది. డాక్టరుకు దీపం మీద పడ్డదని జెప్పిండట. మంగమ్మ తెల్లారక ముందే గంప నెత్తికెత్తుకొని కాలువ కట్ట మీదికెళ్లి తండాకు పోయింది. మళ్ల ఆ ఊరి మొఖం జూడలే. ఊరోళ్లు మాత్రం ఇప్పటికీ దెయ్యం సారుకు పట్టి వదిలిందనే జెప్తరు.

లీలావతి మేడం ముచ్చట ఇక్కడికొచ్చేసరికి ఊకునేది. మేము పిల్లలం, ఊకోనిస్తమా? "ల్యాబుల ఆ ఐదు వేళ్లు జూసినప్పుడు మస్తు భయమైంది గదా మేడం?" అని అడిగితిమి.

ఆమె తన కుడి అరచెయ్యి చీరకు తుడుసుకుంట అన్నది —

"అప్పుడు కాదురా... ఆ పట్టకారు చేతిలోకి తీసుకున్నప్పుడు. చలికాలం, ఇనుము, చల్లగా ఉండాలి కదా... వెచ్చగా ఉంది. నాకు తాళం తీసినప్పుడూ, ల్యాబులో నా వెనక నిలబడి ఏడ్చినప్పుడూ... అది వాడి చంకలోనే ఉంది."